ఫ్రీలాన్స్ రైటర్లకి లింక్డిన్, ఇన్‌స్టా నిజంగా పని తెస్తాయా? (బెంగుళూరు)

కసవనహళ్ళి_కలం:

అందరికీ నమస్తే. ఉండేది కసవనహళ్ళి, సొంతూరు నంద్యాల. ఇక్కడ ఒక ఎడ్‌టెక్ కంపెనీలో కంటెంట్ రైటర్‌గా చేసేదాన్ని, ఇప్పుడు మానేసి ఫ్రీలాన్స్ చేస్తున్నా. ఇంగ్లీష్‌లో బ్లాగులు, ఈమెయిళ్ళు, తెలుగులో యాప్ టెక్స్ట్, యాడ్ స్క్రిప్టులు, ఇంకా ఇంగ్లీష్ నుంచి తెలుగుకి లోకలైజేషన్ (ఇక్కడివాళ్ళకి సహజంగా ఉండేలా మార్చి రాయడం). ప్రస్తుతం పాత మేనేజర్ ఇచ్చిన పని ఒకటి నడుస్తోంది, అది అయిపోతే ఏంటో తెలీదు.

ఎవర్ని అడిగినా నెట్‌వర్కింగ్ చెయ్, సోషల్ మీడియాలో కనిపించు అంటారు, కనిపిస్తూనే ఉన్నా కదా! లింక్డిన్‌లో రోజూ రైటింగ్ టిప్స్ లాంటివి ఏవో పెడుతున్నా, లైకులు కొట్టేదంతా నాలాంటి రైటర్లే, పని ఇచ్చేవాడు ఒక్కడూ కనపడడు. ఇన్‌స్టాలో నా తెలుగు కవితల పేజీ ఒకటి ఉంది, ఫాలోవర్లు బానే ఉన్నారు గానీ వాళ్ళు హార్ట్ పెట్టి వెళ్ళిపోతారు. ఫేస్‌బుక్‌లో తెలుగు సాహిత్యం గ్రూపులు, ఎక్స్ ఓపెన్ చేస్తే ఫ్యాన్ వార్స్. మా ఆయన అయితే రోజంతా ఫోన్ పట్టుకుని దాన్ని ఆఫీస్ అంటావేంటి అంటున్నాడు, ఆయన్ని అని లాభం లేదు, నాకే డౌట్ వస్తోంది.

ఒక్క చోటే కూర్చోవాలా, అన్నీ మెయింటైన్ చేయాలా? తెలియని వాళ్ళకి మెసేజ్ పెడితే అడుక్కుంటున్నట్టు ఉంటుందా? ఇంకోటి, నేను చేసిన పనిలో సగం ఘోస్ట్‌రైటింగ్, అంటే వేరేవాళ్ళ పేరు మీద రాసినవి, ఎన్‌డీఏ (బయట చెప్పనని ఒప్పందం) సంతకం పెట్టినవి, బయట చూపించకూడదు. మరి ప్రొఫైల్‌లో ఏం పెట్టాలి?


సెకండ్_ఫ్లోర్_రైటర్:

హాయ్ అండీ, నేను హెచ్ఎస్ఆర్‌లో ఉంటా, చాలా ఏళ్ళుగా ఇదే పని. "లైకులు కొట్టేదంతా రైటర్లే" అని మీరు కంప్లైంట్‌లా రాశారు గానీ నాకు పనులు ఎక్కువ వచ్చేది ఆ రైటర్ల దగ్గర్నుంచే. క్లయింట్లని వెతుక్కుంటూ పోవడం కంటే నాలుగైదు మంది బిజీ రైటర్లకి మీరు గుర్తుండటం ఈజీ.

ఎలాగంటే, ఇక్కడ ఏజెన్సీలు సౌత్ క్యాంపెయిన్ అనగానే కన్నడ, తెలుగు, తమిళం, మలయాళం నాలుగూ ఒకేసారి చేయిస్తాయి. కన్నడ రైటర్ ఈజీగా దొరుకుతారు, ఊరు వాళ్ళదే కాబట్టి. ఆ ప్రాజెక్ట్ చూసే అమ్మాయి వెంటనే ఆ కన్నడ రైటర్నే అడుగుతుంది, తెలుగులో రాసేవాళ్ళు ఎవరైనా తెలుసా అని. ఆ టైంకి వాళ్ళకి మీ పేరు తట్టాలి, అంతే కథ. అందుకే కన్నడ, తమిళ రైటర్లతో పరిచయాలు పెంచుకోండి, వాళ్ళు మీకు పోటీ కూడా కాదు. ఇంగ్లీష్‌లో మాత్రమే రాసేవాళ్ళు కూడా అంతే, వాళ్ళ క్లయింట్ ఏదో ఒకరోజు దీన్నే తెలుగులో కావాలి అంటాడు, వాళ్ళకి అక్షరం ముక్క రాదు. ఇక తెలుగు రైటర్లంటారా, దసరా దీపావళి ముందు యాడ్ పనులన్నీ ఒకేసారి మీద పడతాయి, చేతిలో ఖాళీ లేనివాళ్ళు పక్కవాళ్ళకి తోసేస్తారు. తోసేయడానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

దీనికి రోజూ పోస్టులు అక్కర్లేదు. టిప్స్ పోస్టులు అయితే పూర్తిగా మానేసినా పోయేదేం లేదు, హెడ్డింగ్ ఎలా పెట్టాలో అందరూ అందరికీ చెప్తూనే ఉన్నారు, వినేవాడు లేడు. ఆ టైం కామెంట్లలో పెట్టండి. "సూపర్", "వెల్ సెడ్" కాదు, వాళ్ళు ఒక ప్రాబ్లెమ్ రాస్తే తెలుగులో చేసేటప్పుడు మీకు అదే ఎలా వచ్చిందో రెండు మూడు లైన్లు రాయండి. నెలకి రెండు సొంత పోస్టులు చాలు, అవి కూడా చేసిన పని గురించి. ఉదాహరణకి ఒక పేమెంట్ యాప్ ఎర్రర్ మెసేజ్‌ని పల్లెలో చదివే మనిషి కంగారు పడకుండా ఎలా మార్చాలి, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా రాశారు. కంపెనీ పేరు అక్కర్లేదు, సీన్ మీరే కల్పించుకోవచ్చు.

మీ ఎన్‌డీఏ ప్రశ్నకి కూడా అదే జవాబు, క్లయింట్ పని చూపించలేకపోతే శాంపిల్ సొంతంగా రాసి పెట్టండి. ఒక యాప్ స్క్రీన్ సెట్, ముప్పై సెకన్ల యాడ్ స్క్రిప్ట్ ఒకటి, ఒక బ్లాగు. ఇది ఏ క్లయింట్‌కీ చేసింది కాదు, శాంపిల్ అని పైనే రాసేయండి. లింక్డిన్‌లో ఫీచర్డ్ అని సెక్షన్ ఉంటుంది, అందులో పిన్ చేసుకోండి. ఎన్‌డీఏ ఉన్న పనికి పాత క్లయింట్‌ని ఒక్క మాట అడగండి, కంపెనీ పేరు లేకుండా ఏ రంగమో ఏం రాశానో చెప్పుకోవచ్చా అని, చాలామంది సరే అనే అంటారు. ఒప్పుకున్నది మెయిల్‌లో ఉండేలా చూసుకోండి.


ఫిన్‌టెక్_కంటెంట్_డెస్క్:

నేను అవతలి సైడ్, అంటే రైటర్లని పెట్టుకునే సైడ్. పై రిప్లై కరెక్టే గానీ ఒక్కటి కలుపుతా, రిఫరెన్స్ ఎవరు ఇచ్చినా తర్వాత మేము చూసేది మీ ప్రొఫైలే.

నాకు తెలుగు రైటర్ కావాలంటే ముందు టీమ్ వాట్సాప్ గ్రూపులో అడుగుతా, అక్కడ దొరక్కపోతే లింక్డిన్‌లో "తెలుగు కంటెంట్", "తెలుగు లోకలైజేషన్" అని ఇంగ్లీష్‌లో టైప్ చేసి వెతుకుతా. సెర్చ్‌లో కనిపించేది మీ ఫొటో, పేరు, హెడ్‌లైన్. హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తారు, అందులో "స్టోరీటెల్లర్, వర్డ్ లవర్, చాయ్ ప్రేమికురాలు" అని నింపేస్తారు, తెలుగు అన్న మాటే ఉండదు! అది మీ కొట్టు మీద బోర్డు, ఏం అమ్ముతారో రాయండి చాలు. ఏ భాషలు, ఏ రకం రాత, ఏ రంగం. ఫ్రీలాన్స్‌కి ఖాళీగా ఉన్నారని కూడా. ప్రొఫైల్‌లో సర్వీసెస్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఆన్ చేసుకోండి.

మీరు వెతకాల్సిన చోటు కూడా చెప్తా. జాబ్స్ ట్యాబ్‌లో ఫ్రీలాన్స్ పనులు తక్కువ, మాలాంటి వాళ్ళు మామూలు పోస్ట్ పడేస్తారు "తెలుగు రైటర్ కావాలి, రెండు వారాల పని" అని. కాబట్టి సెర్చ్ చేశాక పోస్ట్స్ అని ఫిల్టర్ పెట్టి, డేట్ దగ్గర గత 24 గంటలు పెట్టి పొద్దున్నే ఒకసారి చూడండి. ఇంకోటి చాలామందికి తట్టదు, మీ కాలేజీ పేజీకి వెళ్తే అలుమ్నై అని ట్యాబ్ ఉంటుంది, అక్కడ ఊరు బెంగుళూరు అని పెడితే ఎవరు ఏ కంపెనీలో ఏ టీమ్‌లో ఉన్నారో వస్తుంది. "మీ జూనియర్ని అండీ" అని మొదలయ్యే మెసేజ్‌కి రిప్లై ఇవ్వని తెలుగువాడు నాకింకా తగల్లేదు, హహ.

తెలియని వాళ్ళకి మెసేజ్ పెట్టడం తప్పేం కాదు. "హాయ్ సర్, ఎనీ వర్క్" అని పెడితే మాత్రం చూడం. ఈమధ్య ఒకావిడ మా యాప్ తెలుగులో పెట్టుకుని వాడి, రెండు స్క్రీన్లలో బటన్ మీద అక్షరాలు తెగిపోతున్నాయని స్క్రీన్‌షాట్లు పంపారు, పక్కన పొట్టిగా ఎలా రాస్తే సరిపోతుందో కూడా రాశారు. ఇంగ్లీష్ కంటే తెలుగు లైన్ పొడుగు కాబట్టి ఈ తలనొప్పి మాకు రోజూ ఉండేదే, ఆవిడకి ఆ వారమే చిన్న పని ఇచ్చాం. అయితే ఆవిడ అది నాకు విడిగా పంపారు. అదే అందరి ముందూ కంపెనీని ట్యాగ్ చేసి "చూడండి వీళ్ళ తెలుగు" అని పోస్ట్ వేసుంటే లైకులు బాగా వచ్చేవి, పని వచ్చేది కాదు.


వడపళని_ప్రూఫ్:

నేను చెన్నైలో ఉంటా, పుస్తకాల ప్రూఫ్ రీడింగ్, ఎడిటింగ్ చేస్తా. లింక్డిన్‌లో నాకు అకౌంటే లేదు, పనంతా ఫేస్‌బుక్ తెలుగు సాహిత్యం వాళ్ళ నుంచే. సొంతంగా పుస్తకం వేసుకునే వాళ్ళు, కథల సంకలనం తెచ్చేవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. డబ్బులు కార్పొరేట్ అంత ఉండవు, నిజం చెప్పాలంటే చాలా తక్కువ, కానీ ఒకరికి బాగా చేస్తే ఆయన తన పుస్తకం ఆవిష్కరణకి వచ్చిన వాళ్ళందరికీ చెప్తాడు.

ఒక్క జాగ్రత్త. అక్కడ వారానికో గొడవ ఉంటుంది, ఈ అవార్డు ఆయనకెందుకు ఇచ్చారు, ఆవిడ కథ ఎక్కడ్నుంచి లేపారు, ఇలాంటివి. మనం ఒక పక్క కామెంట్ పెడితే రెండో పక్క వాళ్ళు మర్చిపోరు, ఏళ్ళు గడిచినా గుర్తుంచుకుంటారు. నేను చదివి వదిలేస్తా, స్క్రీన్‌షాట్లు మాత్రం ఫ్రెండ్స్‌కి పంపుకుంటా.

కవితల పేజీని తీసేయకండమ్మా. ఇన్‌స్టా బయోలో 5 లింకుల దాకా ఇవ్వొచ్చు, ఒకటి మీ శాంపిల్స్‌కి పెట్టండి, "తెలుగు క్యాప్షన్లు, రీల్ స్క్రిప్టులు రాస్తాను" అని ఒక లైన్ చేర్చండి. చీరల పేజీలు, పచ్చళ్ళు అమ్మేవాళ్ళు, చిన్న క్లినిక్‌లు అంతా ఇన్‌స్టాలోనే ఉన్నారు, వాళ్ళకి లింక్డిన్ అంటే ఏంటో పట్టదు.


మెట్రో_పర్పుల్_లైన్:

ఇంత చదివాక నాకు అనిపించింది ఏంటంటే ఎవరూ ఇంట్లోంచి బయటికి వెళ్ళమని చెప్పట్లేదు. బెంగుళూరులో ఉండి కూడా స్క్రీన్‌లోనే పరిచయాలు ఎందుకండీ? శనివారం పొద్దున కబ్బన్ పార్క్‌లో కబ్బన్ రీడ్స్ వాళ్ళు చాప వేసుకుని పుస్తకాలు చదువుకుంటారు, దోమలూరులో బెంగుళూరు ఇంటర్నేషనల్ సెంటర్ ఉంది, అక్కడ టాక్స్‌కి చాలావరకు టికెట్ ఉండదు, డిసెంబర్‌లో లిట్ ఫెస్ట్. రాసేవాళ్ళు, పబ్లిషింగ్ వాళ్ళు, యాడ్ ఏజెన్సీ వాళ్ళు అక్కడే తిరుగుతుంటారు. కార్డులు పంచక్కర్లేదు, మాట్లాడిన రోజు రాత్రికి కనెక్షన్ రిక్వెస్ట్ పంపి ఏం మాట్లాడుకున్నామో ఒక లైన్ రాస్తే చాలు. లింక్డిన్ ఫ్రీ అకౌంట్‌లో నోట్ రాసి పంపే ఇన్వైట్లు నెలకి కొన్నే ఇస్తాడు, వాటిని ఇలాంటి వాళ్ళకి దాచుకోండి.


కసవనహళ్ళి_కలం:

థాంక్యూ అందరికీ, నిజంగా. హెడ్‌లైన్ ఇప్పుడే మార్చా (చాయ్ ప్రేమికురాలు నేనే, సిగ్గేసింది). అలుమ్నై ట్యాబ్ చూస్తే మా కాలేజీ సీనియర్ ఒకావిడ బెళ్ళందూరులోనే ఒక హెల్త్ యాప్‌లో ప్రొడక్ట్ టీమ్‌లో ఉన్నారు!

రెండు డౌట్లు. నిన్న టెలిగ్రామ్‌లో ఒకడు పీడీఎఫ్‌లు తెలుగులో టైప్ చేసే పని, పేజీకి ఇంత అని పెద్ద రేటు చెప్పాడు, ముందు రిజిస్ట్రేషన్‌కి కొంచెం కట్టాలంట. ఇంకొకళ్ళు లింక్డిన్‌లో, టెస్ట్‌గా 1500 పదాల ఆర్టికల్ రాసివ్వండి, బాగుంటే మాట్లాడదాం అంటున్నారు.


సెకండ్_ఫ్లోర్_రైటర్:

మొదటిది పక్కా మోసం, పని ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బులు తీసుకోడు. బ్లాక్ చేయండి. ఇప్పటికే ఏమైనా కట్టుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

రెండోదానికి మర్యాదగా రిప్లై ఇవ్వండి, శాంపిల్స్ లింక్ ఇదిగో, మీ టాపిక్ మీదే కావాలంటే 200 పదాలు రాసిస్తాను, అంతకు మించితే ఇంత ఛార్జ్ చేస్తాను అని. సీరియస్ క్లయింట్ ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడు అదే 1500 పదాలు ఇంకో ముగ్గురితో రాయించుకుని సైట్‌లో వేసుకునే రకం.

అలాగే పని డీఎంలో (యాప్‌లో పర్సనల్ మెసేజ్‌ల్లో) సెటిల్ అయినా మొదలుపెట్టే ముందు మెయిల్‌లోకి లాగండి, రేటు, ఎన్నిసార్లు మార్పులు, డబ్బులు ఎప్పుడు, అన్నీ అందులో రాయించుకోండి. ఏడాదికి ఒక కంపెనీ నుంచి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుని ఇస్తారు, తక్కువ వచ్చిందని గాభరా పడకండి, రిటర్న్‌లో చూపించుకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చేది) కూడా చేసుకోండి, ఫ్రీ. అది ఉంటే అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా 45 రోజులు దాటించకుండా డబ్బులివ్వాలని చట్టంలో ఉంది, ఇన్వాయిస్ మీద ఆ నంబర్ కనిపిస్తే అకౌంట్స్ వాళ్ళు కొంచెం కదులుతారు.


కసవనహళ్ళి_కలం:

అర్థమైంది. డబ్బులేం కట్టలేదు, బ్లాక్ చేశా. ఆ సీనియర్‌కి పంపాల్సిన మెసేజ్ రాశా, ఒకసారి చూడండి ప్లీజ్:

"నమస్తే అక్కా, నేను మన కాలేజీలో మీ జూనియర్ని, ఇప్పుడు కసవనహళ్ళిలో ఉంటూ తెలుగు, ఇంగ్లీష్ రైటర్‌గా ఫ్రీలాన్స్ చేస్తున్నాను. మీ యాప్ తెలుగులో వాడి చూశాను. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేటప్పుడు వచ్చే మెసేజ్‌లో డబ్బులు వెనక్కి వస్తాయో రావో తెలియట్లేదు, స్క్రీన్‌షాట్ పెట్టాను, కింద నేనైతే ఎలా రాస్తానో ఇచ్చాను. తెలుగు పని చూసేవాళ్ళు మీ దగ్గర ఎవరో చెప్తారా? మొదటి ప్రాజెక్ట్ కాబట్టి డిస్కౌంట్‌లో చేసిస్తాను, ఎంతిచ్చినా పర్లేదు."


ఫిన్‌టెక్_కంటెంట్_డెస్క్:

బాగుంది, ఆవిడ కచ్చితంగా ఓపెన్ చేస్తారు. చివరి వాక్యం తీసేయండి, రేటు ఎవరూ అడగలేదు ఇంకా. స్క్రీన్‌షాట్‌లో మీ ఫోన్ నంబర్, అపాయింట్‌మెంట్ వివరాలు కనపడకుండా కట్ చేయండి. సోమవారం కాకుండా మంగళవారం పొద్దున పంపండి, సోమవారం అంతా మీటింగుల్లోనే ఉంటాం.