వెంటిలేటర్‌పై ఉన్న మనిషిని మెలకువగా ఉంచడం సబబేనా?

రోగి కుమార్తె: న్యుమోనియాతో మా నాన్నగారు అయిదు రోజులుగా వెంటిలేటర్‌పై ఉన్నారు. రేపటి నుంచి మత్తు తగ్గిస్తామని డాక్టర్లు అంటున్నారు. గొంతులో గొట్టం ఉండగా మెలకువ తెప్పించడం హింస కాదా? కోలుకునేదాకా నిద్రలోనే ఉంచకూడదా?

ఐసీయూ డాక్టరు: అమ్మా, మీకు నిద్రలా కనిపించేది నిద్ర కాదు. మత్తు ఎక్కువైన కొద్దీ దగ్గు తగ్గి కఫం ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతుంది. ఊపిరి పీల్చే పనంతా యంత్రమే చేస్తుంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండరం కొద్ది రోజుల్లోనే బలహీనపడి, తర్వాత వెంటిలేటర్ తీయడమే కష్టమవుతుంది. 2000లో వెలువడిన చికాగో అధ్యయనంలో 128 మంది రోగులున్నారు. రోజుకోసారి మత్తు ఆపి చూసినవారికి వెంటిలేటర్ అవసరం మధ్యస్థంగా 4.9 రోజులు, మిగిలినవారికి 7.3 రోజులు పడింది. తలలో ఒత్తిడి పెరిగినవారికి, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని బోర్లా పడుకోబెట్టినవారికి మాత్రం గాఢమైన మత్తు అవసరం కావచ్చు.

ఐసీయూ నర్సు: డాక్టరు గారూ, సూత్రం సరైనదే, కానీ దాన్ని అమలు చేసే చేతులెన్ని? మత్తు లేకుండా వెంటిలేటర్ నడిపి 2010లో మంచి ఫలితాలు చూపిన డెన్మార్క్‌లోని ఓడెన్స్ ఆసుపత్రిలో రోగికొక నర్సు ఉన్నారు. నాకు రాత్రి డ్యూటీలో ముగ్గురు. ఒక మంచం దగ్గర నేను కఫం తీస్తుండగా, పక్క మంచంపై ఉన్న పెద్దాయన మణికట్టుకు కట్టిన గాజుగుడ్డ ముడి జార్చుకుని గొట్టం లాగేసుకున్నారు. మళ్ళీ గొట్టం వేసేసరికి ఆయన పెదవులు నీలమయ్యాయి. మనుషులను పెంచకుండా మత్తు మాత్రం తగ్గించమంటే నేను ఒప్పుకోను.

ఐసీయూ డాక్టరు: మనుషులు చాలరన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, అయితే ఆ కొరతను మందుతో పూడ్చడాన్ని మాత్రం ఒప్పుకోలేను. మత్తు పూర్తిగా మానేయాలని కూడా నేననడం లేదు. 2020లో వెలువడిన, 700 మందిపై జరిగిన అధ్యయనంలో మత్తు లేనివారికీ, తేలిక మత్తులో ఉన్నవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముందు నొప్పి తగ్గించి, పిలిస్తే కళ్ళు తెరిచేంత మత్తు ఉంచితే చాలు.

ఐసీయూ నర్సు: అలాగైతే పగటిపూట మొదలుపెట్టండి. అమ్మా, నాన్నగారి కళ్ళజోడు, వినికిడి యంత్రం ఉంటే తెచ్చివ్వండి. మొన్న ఒకాయన గింజుకుంటుంటే మందు పెంచబోయాం. చేతికి పలక ఇస్తే వంకరటింకరగా "నీళ్ళు" అని రాశారు. తడిగుడ్డతో పెదవులు తడిపితే శాంతించారు.