ముఖం చూసి బొట్టు పెడుతున్నామా? అమెరికా ప్రైమరీలలో అభ్యర్థి రూపం, మాటతీరు, మన ఓటు

హ్యూస్టన్ వాసి (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. పౌరసత్వం వచ్చాక నేను వేసిన తొలి ప్రైమరీ (పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నిక) ఓటు గురించి ఒక మాట ఒప్పుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. టెక్సస్‌లో న్యాయమూర్తులను కూడా ప్రజలే ఎన్నుకుంటారు. మా హారిస్ కౌంటీ బ్యాలట్ ఎంత పొడవుగా ఉంటుందంటే, పెద్ద పదవులన్నీ దాటుకొని జడ్జీల దగ్గరికి చేరేసరికి ఓటరుకు ఓపికా, తెలిసిన సమాచారమూ రెండూ అయిపోతాయి. నవంబరులో అయితే పేరు పక్కన పార్టీ పేరు ఉంటుంది కనుక ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. మార్చిలో జరిగే ప్రైమరీలో నిలబడేవారందరూ ఒకే పార్టీవారు, ఒకే తానులో ముక్కలు.

ఒక కోర్టు పదవికి ఇద్దరి పేర్లు కనిపించినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది వారి అనుభవం కాదు. మా వంటింట్లో కందిపప్పు డబ్బాకు ఆనించి ఉన్న ప్రచార కార్డు గుర్తుకు వచ్చింది. దాని మీద నెరిసిన జుట్టు, ముదురు నీలం కోటు, వెనుక బీరువా నిండా లావుపాటి పుస్తకాలతో ఒక పెద్దమనిషి ఉన్నారు. జడ్జి అంటే ఇలా ఉండాలి అనిపించి ఆయనకే వేశాను. ఇంటికి వచ్చి తీరిగ్గా చదివితే, రెండో అభ్యర్థి ఏళ్ల తరబడి ఆ తరహా కోర్టులోనే వాదించినవారని, నేను ఓటు వేసినాయన ఎక్కువగా ఆస్తి పత్రాల పని చేసినవారని తెలిసింది.

ఇలా రూపమో, గొంతో, నవ్వో చూసి ఓటు వేసినవారు, వేసి నాలుక కరుచుకున్నవారు, లేక అదే సరైన నిర్ణయమని తరువాత అనిపించినవారు ఉంటే దయచేసి రాయండి. ఏ పార్టీ మంచిదన్న వాదన మాత్రం ఇక్కడ వద్దని మనవి.

నాషువా నుంచి ఒక తెలుగువాడు

హ్యూస్టన్ వాసి గారూ, మీరు కార్డు చూసి వేశారు. మా న్యూ హ్యాంప్‌షైర్‌లో అభ్యర్థులే వచ్చి ఎదురుగా నిలబడతారు. నేను ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరును కనుక ప్రైమరీ రోజున రెండింటిలో ఏ పార్టీ బ్యాలట్ అయినా అడిగి తీసుకోవచ్చు. అందువల్ల రెండు పార్టీల సభలకూ వెళుతుంటాను.

టీవీలో ఆజానుబాహువులా కనిపించిన ఒక అభ్యర్థి మా ఊరి పాఠశాల వ్యాయామశాలలో నా పక్కన నిలబడినప్పుడు నా భుజం దాకా మాత్రమే వచ్చారు. ఆయన చెప్పిన పన్నుల పథకంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ నా మనసులో ఆయన ఒక మెట్టు కిందికి దిగిపోయారు. దీనికి సమర్థన ఏమీ లేదు, సిగ్గుపడవలసిన విషయమే. మరొక అభ్యర్థి సంగతి వేరు. వారి ఆరోగ్య బీమా ప్రణాళిక నాకు ఎంతో నచ్చింది. సభ అయ్యాక వరుసలో నిలబడి ఒక ప్రశ్న అడిగాను. నా చెయ్యి పట్టుకొనే, నా భుజం మీదుగా వెనుక ఉన్న టీవీ కెమెరా వైపు చూస్తూ సమాధానం చెప్పారు. ఆ సమాధానం నా ప్రశ్నకు కాదు. ఆయనకు నేను ఓటు వేయలేదు, దానికి ఈనాటికీ చింతించడం లేదు. ఎత్తు చూసి తగ్గించడం నా తప్పు, ధ్యాస చూసి తగ్గించడం తప్పు కాదని నా అభిప్రాయం. రూపం, తీరు రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని అందుకే అంటున్నాను.

అయితే తీరును చదవడం కూడా అంత సులువు కాదని మా రాష్ట్ర చరిత్రే చెబుతుంది. 1972లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోరుతున్న సెనేటర్ ఎడ్మండ్ మస్కీ మాంచెస్టర్‌లో ఒక పత్రిక కార్యాలయం ముందు, మంచు కురుస్తుండగా, తన భార్య గురించి ఆ పత్రిక రాసిన రాతల మీద మండిపడ్డారు. ఆయన కన్నీరు పెట్టుకున్నారని వార్తలు వచ్చాయి. చెంపల మీద ఉన్నది కరిగిన మంచేనని ఆయన వర్గం చెప్పింది. ప్రైమరీలో గెలిచారు కానీ, వచ్చిన సుమారు 46 శాతం ఆయన స్థాయికి చాలదని అందరూ అనుకున్నారు, ప్రచారం త్వరలోనే చతికిలబడింది. 2008 జనవరి 7న పోర్ట్స్‌మత్‌లోని ఒక కాఫీ దుకాణంలో, ఇదంతా ఎలా తట్టుకుంటున్నారని ఒక మహిళ అడిగినప్పుడు హిలరీ క్లింటన్ కళ్లు చెమర్చాయి. సర్వేలన్నీ ఒబామా ముందున్నారని చెబుతుండగా, మరునాడు ఆమె గెలిచారు. ఆ తడి కళ్లే గెలిపించాయని నేను అనను, అప్పట్లో మాత్రం చాలామంది అలాగే అన్నారు. ఒకే రాష్ట్రం, ఒకే రకం కన్నీరు, ఒకరికి బలహీనతగా, మరొకరికి మానవత్వంగా లెక్కకు వచ్చింది.

గణాంకాల గోపన్న

హ్యూస్టన్ వాసి గారు అంతగా నొచ్చుకోనక్కరలేదు. మీకు కలిగిన అనుభవాన్ని కొలిచినవారు ఉన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ టోడరోవ్, ఆయన సహచరులు 2005లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, తమకు పరిచయం లేని ఇద్దరు అభ్యర్థుల ఫొటోలను కాసేపు చూసి ఎవరు ఎక్కువ సమర్థులుగా కనిపిస్తున్నారో చెప్పమన్నారు. సమర్థంగా కనిపించిన ముఖమే దాదాపు 70 శాతం సెనేట్ పోటీలలో గెలిచినదిగా తేలింది. నాలుగేళ్ల తరువాత స్విట్జర్లాండ్‌లో జాన్ ఆంటొనాకిస్, ఓలాఫ్ డాల్గాస్ పిల్లలకు ఫ్రాన్స్ పార్లమెంటు అభ్యర్థుల ఫొటోలు చూపించి, మీ ఓడకు కెప్టెన్‌గా ఎవరిని పెట్టుకుంటారని అడిగారు. పిల్లలు ఎంచుకున్న కెప్టెన్లే ఎక్కువగా ఆ ఎన్నికల విజేతలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గెలిచే అవకాశం ఉన్నచోట పార్టీలే చూడచక్కని అభ్యర్థిని నిలబెడుతూ ఉండవచ్చు. డబ్బు ఉన్నవారు మంచి ఫొటోగ్రాఫరును పెట్టుకుంటారన్నది సరేసరి. ఈ అనుమానం తీర్చడానికి మరికొందరు పరిశోధకులు, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు కొందరు ఓటర్లకు ఫొటోలు ఉన్న నమూనా బ్యాలట్లు, కొందరికి ఫొటోలు లేనివి ఇచ్చి చూశారు. ఫొటో చూపించినంత మాత్రానే రూపసంపద ఉన్నవారికి ఓట్లు పెరిగాయి. సాధారణ ఎన్నికలలో ఈ ప్రభావం రాజకీయాలు అంతగా పట్టించుకోని ఓటర్ల మీదనే కనిపించింది. ప్రైమరీలలో మాత్రం బాగా తెలిసినవారి మీద, పార్టీకి గట్టిగా కట్టుబడినవారి మీద కూడా కనిపించింది. పార్టీ పేరు అనే ఊతకర్ర తీసేస్తే, చదువుకున్న ఓటరు కూడా చేతికి దొరికిన దాన్నే పట్టుకుంటాడని నేను అర్థం చేసుకున్నాను.

గుంటూరు పాఠకుడు

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మన దేశంలో ఒకే పేరు గల అభ్యర్థులతో ఓటరు తికమక పడుతున్నాడని 2015 నుంచి ఈవీఎం మీది బ్యాలట్ పత్రంలో అభ్యర్థి ఫొటో వేస్తున్నారు. 2025లో బిహార్ ఎన్నికల నుంచి అది రంగుల ఫొటో అయింది. గోపన్న గారు చెప్పిన ప్రయోగాన్ని మనం దేశమంతటా చేస్తున్నట్టేనా?

గణాంకాల గోపన్న

ప్రశ్న బాగుంది. కానీ అక్కడ ఫొటో పక్కనే గుర్తు ఉంటుంది, ఓటరు చూపు ముందు దాని మీదికే పోతుంది. పైగా మన దగ్గర టికెట్ ఎవరికన్నది ఓటరు దాకా రాకుండానే తేలిపోతుంది కనుక, రూపం, మాటతీరు, అంగబలం చూసేవారు పార్టీ పెద్దలే. అమెరికా ప్రైమరీలో ఆ పెద్దల కుర్చీలో ఓటరును కూర్చోబెట్టారు.

రిచ్‌మండ్ రాధ

పురుషులు ఎత్తు గురించి, కోటు గురించి మాట్లాడుకున్నారు. మహిళా అభ్యర్థి కోసం ఇల్లిల్లూ తిరిగినదాన్ని కనుక రెండో వైపు చెబుతాను.

2025 జూన్ 17న వర్జీనియా డెమొక్రాటిక్ ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తరువాతి స్థానం) పదవికి ఆరుగురు నిలబడ్డారు. వారిలో హైదరాబాదులో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చి, చాలాకాలం సాహిత్యం బోధించిన, అప్పటి రాష్ట్ర సెనేటర్ గజాలా హష్మీ ఒకరు. నేను ఆమె కరపత్రాలు పట్టుకొని ఎండలో తిరిగాను. ఒక ఇంటి గుమ్మంలో పెద్దాయన కరపత్రం తిప్పి చూసి, ఈమె పాఠం చెప్పే టీచరులా ఉన్నారండీ అని పెదవి విరిచారు. రెండిళ్ల అవతల, పాదులకు నీళ్లు పెడుతున్న ఒక ఉపాధ్యాయురాలు అదే ఫొటో చూసి అదే మాట అన్నారు, మెచ్చుకోలుగా. నేను ఇద్దరికీ ఒకే వాక్యం చెప్పలేనని అప్పుడు అర్థమైంది. ఆ పోటీలో మొదటి ముగ్గురి మధ్య తేడా రెండు శాతం కూడా లేదు, ఆమె గెలిచారు. ఇంత సన్నని తేడా ఉన్నచోట పెదవి విరుపులకు కూడా విలువ ఉంటుంది.

మహిళ విషయంలో నవ్వకపోతే గర్విష్ఠి, నవ్వితే గాంభీర్యం లేదు, గొంతు పెంచితే గయ్యాళి. 2015లో రిపబ్లికన్ ప్రైమరీ వేళ డొనాల్డ్ ట్రంప్ తోటి అభ్యర్థి కార్లీ ఫియోరీనా ముఖం గురించి, దానికి ఎవరైనా ఓటు వేస్తారా అన్న అర్థంలో మాట్లాడారు. తరువాతి డిబేట్‌లో ఆమె, ఆయన ఏమన్నారో దేశంలోని మహిళలందరికీ స్పష్టంగా వినిపించిందని ఒక్క వాక్యంతో తేల్చేశారు, సభ చప్పట్లతో మారుమోగింది. 2023 నవంబరులో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోరేవారి మయామీ డిబేట్‌లో వివేక్ రామస్వామి మూడంగుళాల మడమల ప్రస్తావన తెస్తే, నిక్కీ హేలీ అవి ఐదంగుళాలని, పరుగెత్తగలిగితేనే తొడుక్కుంటానని సరిదిద్దారు. అయితే న్యాయం చెప్పుకోవాలి. అదే సమయంలో మరో అభ్యర్థి రాన్ డిశాంటిస్ బూట్లలో ఎత్తు పెంచే అట్టలు ఉన్నాయా లేవా అని జనం ఫొటోలు పెట్టి కొలిచారు. పురుషుడికి ఎత్తు ఒక్కటే పరీక్ష, మహిళకు ఆపాదమస్తకం పరీక్షే.

మనవారేమీ తక్కువ తినలేదు. మా తెలుగు సంఘం ఉగాది సభకు ఒక స్థానిక అభ్యర్థి వచ్చి, కండువా కప్పించుకొని, రెండు చేతులూ జోడించి నమస్కారం అన్నారు. బడుల నిధుల గురించి అడిగిన ప్రశ్నకు ఆమె ఏమి చెప్పారో ఆ సాయంత్రం పులిహోర వరుసలో ఎవరికీ గుర్తులేదు, నమస్కారం ఎంత ముచ్చటగా పెట్టారో మాత్రం అందరికీ గుర్తుంది. వరుసలో నేనూ ఉన్నాను.

డెమోయిన్ నివాసి

అయోవా వైపు నుంచి రెండు మాటలు. 2004 జనవరిలో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోరుతున్న హోవర్డ్ డీన్ ఇక్కడ మూడో స్థానంలో నిలిచిన రాత్రి పెట్టిన కేకను టీవీలు రోజుల తరబడి వేశాయి. చేతి మైకు చుట్టూ ఉన్న హోరును పట్టుకోలేదు, ఆయన గొంతును మాత్రమే పట్టుకుంది. హాలులో ఉన్నవారికి అది జనం అరుపులలో కలిసిపోయింది, ఇళ్లలో ఉన్నవారికి ఒక మనిషి ఉన్నట్టుండి అదుపు తప్పినట్టు వినిపించింది. మనం వ్యక్తిత్వం అనుకునేది కొన్నిసార్లు మైకు గుణం.

రెండోది నా కథ. 2020 కాకస్‌లో (పార్టీవారు ఒకచోట చేరి, నచ్చిన అభ్యర్థి గుంపులో నిలబడి ఎంచుకునే సభ) నేను మొదట నిలబడిన అభ్యర్థి గుంపు 15 శాతం దాటలేదు కనుక మరో గుంపులో చేరవలసి వచ్చింది. నాలుగు మూలల నుంచీ పిలుపులు వస్తుంటే, ఆ చలికాలంలో రెండుసార్లు మా వాకిట మంచు ఎత్తిపోసిన పొరుగింటావిడ ఉన్న మూలకు నడిచాను. అభ్యర్థి ముఖం కూడా కాదు, అభ్యర్థి మనిషి ముఖం చూసి నిలబడ్డాను!

హ్యూస్టన్ వాసి

చాలా రోజుల తరువాత రాస్తున్నాను, అందరికీ కృతజ్ఞతలు. మార్చిలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాని పదవులకు మే చివరిలో రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ) జరిగింది. మా దగ్గర పోలింగ్ గదిలో ఫోను వాడనివ్వరు, కాగితం మీద రాసుకొని వెళ్లవచ్చు. ఈసారి రెండు సాయంత్రాలు కూర్చుని, కార్డులన్నీ బోర్లా తిప్పి, ఫొటోలు చూడకుండా, ఎవరు ఏ కోర్టులో ఎన్నాళ్లు పనిచేశారో చదివి పేర్లు రాసుకున్నాను. నాషువా మిత్రులు చెప్పిన తేడా గుర్తుపెట్టుకొని, ఇద్దరు అభ్యర్థులు మాట్లాడిన వీడియోలు మాత్రం చూశాను, అడిగిన ప్రశ్నకు సమాధానం చెబుతున్నారా లేదా అన్నది గమనించడానికి.

బూత్‌లో కాగితం తీసి ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళితే, చిట్టచివరి పదవి దగ్గర నా కాగితం ఖాళీగా ఉంది. ఆ పదవి రాసుకోవడమే మరిచిపోయాను. తెర మీద రెండు పేర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని చూడగానే, బోర్లా తిప్పేముందు కంటపడిన ఎర్ర టై ఒకటి కళ్ల ముందు మెదిలింది. వెనుక వరుస పెరుగుతోంది. ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసి బయటికి వచ్చాను.