అప్‌డేట్: ఫీజు జోన్ల మ్యాప్ తేలింది, తప్పు నాదే

మొన్న అడిగాను కదా: కొత్త అపార్ట్‌మెంట్ల వల్ల పెరిగే ట్రాఫిక్‌కి రోడ్ల ఫీజు ఎంత వేయాలో బెంగళూరులోని బెళ్ళందూరు చుట్టూ జోన్లు గీసి చూపించాలి, క్యూజీఐఎస్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) 500 మీటర్ల బఫర్ (చుట్టూ అంత దూరం దాకా గీసే వలయం) పెడితే ప్రపంచమంతా నిండిపోతోందని. నా మ్యాప్ లేయర్ మీటర్లలో కాక అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంది, 500 అంటే 500 డిగ్రీలే అనుకుంది పాపం! మీలో ఒకరు చెప్పినట్టు లేయర్‌ని యూటీఎం 43 ఉత్తర జోన్‌కి (మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) మార్చగానే దారికొచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. గుండ్రటి బఫర్ బెళ్ళందూరు చెరువుని దాటేసి అవతలి ఒడ్డు ఇళ్లని కూడా కలిపేసింది. చెరువు మీద కార్లు పోవు కదా! అందుకే వలయాలు తీసేసి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ ఉచితంగా వాడుకునే మ్యాప్) రోడ్ల మీద నెట్‌వర్క్ దూరం, అంటే రోడ్డు వెంట వెళ్తే అయ్యే దూరం, లెక్కేశాను. జోన్ల ఆకారమే మారిపోయింది.

"ఇంత పట్టింపు దేనికి" అన్న అన్నయ్యగారికి: అమెరికాలో ఎల్ డొరాడో కౌంటీ జోన్లవారీ పట్టిక చూసి ఒక ఇంటి పర్మిట్‌కి 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు వేసింది. ఫీజు చట్టసభ పెట్టినదైనా సరే, కొత్త కట్టడం ప్రభావానికి తగ్గట్టు ఉందా అన్న పరీక్ష తప్పించుకోలేదని 2024లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఫీజు అసలు ఎక్కువో కాదో మాత్రం తేల్చకుండా కింది కోర్టుకే పంపింది. జోన్ తప్పుగా గీస్తే అలాంటి ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు, అందుకే ఈ పట్టింపు.

మా సార్ మ్యాప్ చూసి, "రంగులు తగ్గించు" అన్నారు. అంతే!