పగలు హీటింగ్ ఆపేయాలా, సన్నగా వదిలేయాలా?

చలిగది:
మా ఇంట్లో చలికాలం మొదలైతే ఇదే గొడవ. పగలు హీటర్లు పూర్తిగా ఆపేయాలని మావారు, సన్నగా వదిలేస్తేనే లాభమని మా ఆడపడుచు. చల్లారిన ఇంటిని సాయంత్రం మళ్ళీ వేడెక్కించడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుందని ఆవిడ వాదన. మావి గోడకు బిగించిన మామూలు కరెంటు హీటర్లు. అద్దె ఇల్లు, పాత కిటికీలు, ఒంటి అద్దం. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
ఆపేయడమే సరైనది, ఇందులో రెండో మాట లేదు. ఇంట్లోంచి వేడి ఎంత తొందరగా పోతుందన్నది లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 2 డిగ్రీలు, లోపల 20 అనుకోండి, తేడా 18. హీటర్ ఆపాక ఇల్లు 14కి దిగితే తేడా 12. అంటే ఆ సమయంలో పోయే వేడి ఇంతకుముందు పోయినదాంట్లో మూడింట రెండు వంతులే. సాయంత్రం హీటర్ గట్టిగా తిరుగుతుంది కాబట్టి ఎక్కువ ఖర్చయినట్టు కనిపిస్తుంది. కానీ అది నింపేది పగలు గోడల్లోంచి, సామాన్లలోంచి దిగిపోయిన వేడిని మాత్రమే. పగలంతా వెచ్చగా ఉంచి ఉంటే అంతకన్నా ఎక్కువే బయటికి పోయేది. మీ ఆడపడుచు గారి మాట చాలామంది నమ్ముతారు, అయినా తప్పే.

ఉత్తర_గాలి:
మాస్టారూ, అన్ని ఇళ్ళకూ ఒకే లెక్క కుదరదండీ. మాది హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం. మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. బాగా చల్లారనిచ్చి ఒక్కసారిగా పెంచితే మాత్రం లోపలున్న సహాయక కాయిల్, అంటే మామూలు కరెంటు హీటర్ లాంటిది, ఆన్ అవుతుంది. అది యూనిట్‌కి యూనిటే ఇస్తుంది. పగలు ఆపేస్తే మాకు బిల్లు పెరిగింది.

లెక్కల_మాస్టారు:
ఆవిడ మామూలు కరెంటు హీటర్లని రాశారు. హీట్ పంప్ సంగతి ఎవరడిగారు?

రాత్రిబండి:
ఆయిల్ హీటర్ కొనుక్కోండి అక్కా, కరెంటు తక్కువ కాలుతుంది.

లెక్కల_మాస్టారు:
తక్కువ కాలదు తమ్ముడూ. ఆయిల్ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా, సిరామిక్ అయినా 1,500 వాట్లది గంటసేపు నడిస్తే ఒకటిన్నర యూనిట్లే. ఇచ్చే వేడి కూడా అంతే.

రాత్రిబండి:
ఆయిల్‌ది ఆపాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది కదా. ఫ్యాన్‌ది ఆపిన నిమిషంలో చలే.

లెక్కల_మాస్టారు:
ఆ వెచ్చదనం ముందు నువ్వు కరెంటు పెట్టి ఆయిల్‌లో నింపిందే. అందుకే అది వేడెక్కడానికి కూడా అంతసేపు పడుతుంది. చప్పుడు లేదని కొనుక్కో, పడకగదికి మంచిది. ఆదా అవుతుందని మాత్రం కొనకు.

అద్దెకొంప:
హీటర్ల గురించి ఇంత రాశారు, కిటికీల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అక్కా, గాలి ఉన్న రోజు ఒక అగరుబత్తి వెలిగించి కిటికీ అంచు వెంబడి మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే పర్వాలేదు. ఎక్కడ పక్కకు వంగి వణికితే అక్కడ సందు ఉన్నట్టు. నేను చూస్తే గొళ్ళెం దగ్గర, కింది మూలలో, తలుపు కింద పొగ అడ్డంగా కొట్టుకుపోయింది. నురగ పట్టీ వెనక కాగితం ఒలిచి ఆ సందుల్లో అతికించాను. ఒంటి అద్దానికి లోపలివైపు పలచని ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో బిగుసుకునేలా చేశాను. మందపాటి కర్టెన్ వేశాను, అది హీటర్‌ని కప్పకుండా చూసుకున్నాను. వీటిలో దేనికీ ఇంటి ఓనర్ అనుమతి అక్కర్లేదు.

అసలు కిటికీ మార్చమని మా ఓనర్‌ని ఎన్నిసార్లు అడిగానో! "మీరు హీటింగ్ సరిగ్గా పెట్టట్లేదు, అందుకే తేమ" అంటాడు. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు. మా చిన్నదానికి రాత్రంతా దగ్గు. అందుకే పగలు పూర్తిగా ఆపేయమనే సలహా నాకు నచ్చదు.

లెక్కల_మాస్టారు:
బూజుకి కారణం తేమ. హీటర్ ఆపడం కాదు.

అద్దెకొంప:
రెండూ కలిస్తేనే బూజు పడుతుంది మాస్టారూ. గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ గోడ మీదైనా, అద్దం మీదైనా నీరు పడుతుంది. పగలంతా ఆపేస్తే మూలలు సరిగ్గా అక్కడికే దిగుతాయి. సాయంత్రం వంట, స్నానాలు, ఆరేసిన బట్టల ఆవిరి అంతా వెళ్ళి వాటి మీదే కూర్చుంటుంది.

లెక్కల_మాస్టారు:
వంటింట్లో, బాత్రూంలో ఫ్యాన్ వేయండి. రోజుకి రెండుసార్లు ఎదురెదురు కిటికీలు కొద్ది నిమిషాలు బార్లా తెరవండి. తేమ గాలి పోతుంది, గోడల వేడి పోదు. చలేస్తే ఇంకో స్వెటర్ వేసుకోవాలి గానీ ఇల్లంతా కాల్చడమేంటి?

అద్దెకొంప:
సొంత ఇల్లు, మంచి గోడలు ఉన్నవాళ్ళు స్వెటర్ వేసుకోమని ఎన్నైనా చెబుతారు.

లెక్కల_మాస్టారు:
నా ఇంటి సంగతి మీకేం తెలుసు? మా అపార్ట్‌మెంట్‌లో అందరి హీటింగ్‌కీ ఒకటే బాయిలర్, బిల్లు ఫ్లాట్ల విస్తీర్ణాన్ని బట్టి పంచుతారు. నేను నా ఫ్లాట్‌లో వేడి తగ్గించే వాల్వులు తిప్పుకుని, వాడని గది తలుపు మూసుకుని కూర్చుంటాను. పై ఫ్లాట్‌వాళ్ళు వేడెక్కువైందని కిటికీలు తెరిచి పెడతారు. వాళ్ళు పారబోసే వేడికి నా పెన్షన్‌లోంచి కడుతున్నాను. మీటింగ్‌లో అడిగితే "ఈయనకి ప్రతిదీ లెక్కే" అన్నారు. ఆదా చేయమని చెప్పేవాణ్ణి చెడ్డవాణ్ణి చేయడం అందరికీ అలవాటైపోయింది.

ఉత్తర_గాలి:
ఫ్లాట్‌కో మీటర్ పెట్టాల్సిన సమస్య అది. ఈ ఇంటావిడ మీద కోపం ఎందుకు?

చలిగది:
అందరూ ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుని రాస్తున్నారు. మావారు పనికి వెళ్తారు. నేనూ అత్తయ్యా ఇంట్లోనే ఉంటాం. ఆయన వెళ్తూ హీటర్లు ఆపేస్తారు. మధ్యాహ్నానికి అత్తయ్య గదిలో 15 డిగ్రీలు. ఆవిడకి స్వెటర్ మీద స్వెటర్ వేశాను, పైన శాలువా కప్పాను. అయినా వేళ్ళు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఆపితే ఎంత మిగులుతుందో ఇంట్లో రోజూ వింటున్నాను మాస్టారూ. బిల్లు ఆయన కడతారు కాబట్టి స్విచ్ కూడా ఆయన చేతిలోనే ఉండాలా?

అద్దెకొంప:
అసలు ప్రశ్న ఇదీ.

లెక్కల_మాస్టారు:
అమ్మా, మనుషులున్న ఇల్లు ఆపేయమని నేననను. ఇళ్ళల్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పెద్దవాళ్ళకి అంతకన్నా ఎక్కువే కావాల్సి రావచ్చు. 15 ప్రమాదం. మిగతా గదులు ఆపేసి, తలుపులు మూసి, అత్తగారి గది ఒక్కటీ 20 దగ్గర ఉంచండి. మీరూ పగలు అక్కడే కూర్చోండి. ఆవిడ కుర్చీలో వేసుకునే ఎలక్ట్రిక్ దుప్పటి సుమారు 100 వాట్లే కాలుతుంది, దాన్ని మడతపెట్టి వాడకూడదు. అయితే కట్టేవాడికీ ఒక మాట ఉంటుంది. నెలాఖరున బిల్లు చూసి గుండె జారేది అతనికే.

అద్దెకొంప:
మాట ఉండటం వేరు మాస్టారూ, తాళం ఉండటం వేరు. చలిలో కూర్చునేది ఆవిడ.

లెక్కల_మాస్టారు:
జీతం పెరగదు, బిల్లు పెరుగుతుంది. అతన్ని రాక్షసుణ్ణి చేయకండి.

చలిగది:
ఆయన రాక్షసుడేం కాదు. పగలు ఇంట్లో ఎప్పుడూ ఉండరు కాబట్టి ఆ చలి తెలియదు. గదిలో థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం ఫొటో పంపిస్తాను. ఒక గదికే హీటర్ అంటే ఒప్పుకుంటారనుకుంటున్నాను. ఇంకొకటి అడగాలి. ఆ గది హీటర్ పాతది, సరిగ్గా పని చేయదు. విడి హీటర్ పెడదామంటే ప్లగ్ మంచానికి దూరంగా ఉంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొచ్చా?

రాత్రిబండి:
వద్దక్కా. హీటర్ లోడుకి మామూలు బోర్డు, వైరు కాలిపోతాయి. మంచాన్నే ప్లగ్ వైపు జరపండి, హీటర్‌కీ దుప్పటికీ మధ్య మీటరు ఖాళీ ఉంచండి. మంచం తల బయటి గోడకి ఆనకుండా చూడండి.