అప్‌డేట్: అమెరికాకి తీసుకెళ్లిన ఛార్జర్ సంగతి

డల్లాస్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నాం, బరువు తక్కువ ఛార్జర్, అడాప్టర్ ఏవి కొనాలని అడిగాను కదా. మొన్నే బెజవాడ తిరిగొచ్చాం. అన్ని దేశాలకూ పనికొచ్చే ఆ పెద్ద అడాప్టర్ డబ్బా వద్దన్నవాళ్ల మాటే విన్నాను. గవర్నర్‌పేటలో మూడు పోర్టుల 65 వాట్ల గ్యాన్ (GaN, గాలియం నైట్రైడ్ వాడిన చిన్న సైజు రకం) ఛార్జర్ కొన్నా. లాప్‌టాప్‌కీ రెండు ఫోన్లకీ అదే. మీద 100-240 వోల్టులని ఉంది, అంటే ఇక్కడి కరెంటుకీ అక్కడి కరెంటుకీ పనిచేస్తుంది కాబట్టి టెన్షన్ లేదు. చిన్న అడాప్టర్‌తో గోడకి పెడితే బరువుకి కాస్త వేలాడేది, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టాక సరిపోయింది.

అమ్మ మిక్సీ కూడా పెట్టమంది. అడాప్టర్ పిన్నునే మారుస్తుంది, వోల్టేజీని కాదు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 120కి సరిగా తిరగదని ఒప్పించేసరికి గంట పట్టింది. ఆ బరువుకి ఆవకాయ సర్దింది!