పింక్ ఫ్లాయిడ్ ఎల్పీలో మొదటి వైపు చివరి పాట చిట్లుతోంది: లోపం రికార్డుదా, ముల్లుదా?

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఎల్పీ ఒకటి, ఇదివరకు వేరొకరు వాడినది, ఇటీవల కొన్నాను. ‘టైమ్’లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగే చోట కూడా గరగర లేదు. అయితే మొదటి వైపు చివరన, రికార్డు మధ్యభాగానికి దగ్గరగా ఉన్న ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’లో బృంద సభ్యుడు రిక్ రైట్ పియానో తేటగానే మొదలై, సుమారు నిమిషం తరువాత అందుకునే గాయని క్లేర్ టోరీ గొంతు తారస్థాయికి చేరగానే, ముఖ్యంగా కుడి స్పీకరులో, జీర వచ్చి చిట్లిపోతోంది. ఆమె స్వరం తగ్గించి పాడే చోట మళ్లీ బాగుంటుంది. ఆమె మాటలు లేకుండా పాడిన ఆ పాటకు ఆ గొంతే ప్రాణం కనుక, దీన్ని పట్టించుకోకుండా వినడం సాధ్యం కావడం లేదు.

రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాను, ముల్లును బ్రష్‌తో శుభ్రం చేశాను. కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే భాగం) అమరికను ప్రొట్రాక్టర్ అనే కొలత పలకతో సరిచూసి, ముల్లు గాడిపై మోపే బరువును తయారీదారు సూచించిన 2 గ్రాములకు, యాంటీ స్కేటింగ్‌ను (ముల్లు చేయి లోపలికి లాగబడకుండా చూసే సర్దుబాటును) 2కు ఉంచాను. యాంటీ స్కేటింగ్‌ను ఇంకా పెంచి చూసినా తేడా రాలేదు. ముల్లు మామూలు ఎలిప్టికల్ (కొన దీర్ఘవృత్తాకారంలో ఉండే) రకం. అంచున సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు ఉండే గాడి వేగం లోపలికి వచ్చేసరికి 20కి పడిపోతుందని, అందువల్ల అక్కడ ధ్వని చెడే అవకాశం ఎక్కువని తెలుసు. కానీ రెండో వైపు చివర, అంతే లోపలగా ఉన్న ‘ఎక్లిప్స్’లో ఈ జీర లేదు.

ఖరీదైన మైక్రోలైన్ (కొన మరింత సన్నగా చెక్కిన) ముల్లు కొనే ముందు, ఈ లోపం గాడి అరగడం వల్ల వచ్చిందా, ముల్లు వల్లనా అన్నది ఇంట్లోనే ఎలా తేల్చుకోవచ్చు?