సమస్యాపూరణం: స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

సందర్భం ఒక ఫ్రెంచ్ సినిమా. ఈవ్ రొబేర్ 1976లో నలుగురు నడివయసు స్నేహితుల మీద ఒక కామెడీ తీశాడు. దాని పేరు 'అఁ నెలెఫాఁ సా త్రోంప్ ఎనోర్మెమాఁ', అందులోనే శ్లేష ఉంది. ఫ్రెంచ్‌లో 'త్రోంప్' అంటే ఏనుగు తొండం, మోసం చేస్తుందనీ అర్థం. మరుసటేడు వచ్చిన రెండో భాగం 'నూజిరోఁ తూసో పారదీ', అంటే మనమంతా స్వర్గానికే పోతాం. రచన జాఁ లూ దబాదీ. అందులో నలుగురూ కలిసి టెన్నిస్ కోర్టున్న ఇల్లు చవగ్గా కొంటారు. చూడటానికి వెళ్ళిన రోజు పక్కనున్న విమానాశ్రయంలో సమ్మె. సమ్మె ముగిశాక తెలుస్తుంది ధర ఎందుకు తక్కువో! నాకు ఎంతో ఇష్టమైన సినిమా ఇది, అందుకే అడుగుతున్నాను.

మొదటి పూరణ

నలుగురొక్కటైరి నచ్చిన యిల్లును
కొనిరి సమ్మెనాడు, కూత లేదు;
మరల గగనమంత మార్మ్రోగు వరకునే
స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

*ఒక సభ్యురాలు:* 'వరకునే' దగ్గర సమస్య విడిపోయింది, చాలా బాగుంది. కానీ కూత రైలుది కదండీ, విమానానిది మోత. 'మోత లేదు' అంటే యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) పోతుంది.

*నిర్వాహకుడు:* నిజమే. 'గోల లేదు' అనండి. కొ–గో యతి కుదురుతుంది, అర్థమూ నిలుస్తుంది.

రెండో పూరణ

ఆలి ఫోటొ చూచి యనుమానపడెనయ్య
తాను ముందు చేసినదియె మరచి;
నమ్మకమ్ము విడిచి నరకాన నున్నను
స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

*నిర్వాహకుడు:* కథలోని గుండెకాయను పట్టుకున్నారు. మొదటి భాగంలో ఎర్ర గౌను అమ్మాయి వెనక పడింది నలుగురిలో ఒకడైన ఎతియెన్ (నటుడు జాఁ రోష్‌ఫోర్). రెండో భాగంలో భార్య వేరొకరి చేతుల్లో ఉన్న ఫోటో చూసి నిద్ర మానేదీ అతనే. స్వర్గం, నరకం ఒకే ఇంట్లో పెట్టడం నాకు బాగా నచ్చింది. అయితే రెండో పాదంలో యతి తప్పింది. నాలుగో గణం 'నదియె'తో మొదలైంది, 'తా'కు 'న'తో మైత్రి లేదు. 'తాను చేసినట్టి తప్పు మరచి' అంటే సరిపోతుంది.

*పూరించినవారు:* ధన్యవాదాలండీ, సవరించుకుంటాను. పద్యం పంపాక రాత్రంతా ఆ పాదం మీదే టెన్షన్.

మూడో పూరణ

అమ్మ తిట్టు కూడ ననురాగమే కదా
వయసు ముదురు కొడుకు పసిడి కూన;
అట్టి తల్లి నీడ నందిన వానికి
స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

*నిర్వాహకుడు:* నలుగురిలో మరొకడైన సిమోన్‌నీ వాళ్ళమ్మనీ ఎవరైనా తలచుకుంటారా అని ఎదురుచూశాను. ఆయన డాక్టరు, అయినా అమ్మ కంటికి పసివాడే. ఆ తల్లిగా వేసిన మార్త్ విల్లలోంగా 1932లో పుట్టారు, కొడుకుగా వేసిన గీ బెదోస్ 1934లో. రెండేళ్ళే తేడా! చూస్తుంటే ఆ సంగతి గుర్తే రాదు, అంత నిజమైన అమ్మ.

ఛందస్సులో దోషం లేదు. లోటు అన్వయంలో ఉంది. తల్లి నీడకు ధరే లేదు, మరి సగం ధర ఎక్కడిది? సమస్యలోని ప్రతి మాటకూ పైమూడు పాదాల్లో ఆధారం ఉండాలి.

*మొదటి సభ్యురాలు:* 'సగము' అన్న మాటను ముందే తెచ్చి చూడండి.

*పూరించినవారు:* మూడో పాదం మార్చాను.

అమ్మ తిట్టు కూడ ననురాగమే కదా
వయసు ముదురు కొడుకు పసిడి కూన;
సగము తిట్లు, మమత సగమైన యింటిలో
స్వర్గసౌధ మబ్బె సగము ధరకె

*నిర్వాహకుడు:* ఇప్పుడు ధర తెలిసింది. ఈ వారానికి నా ఓటు దీనికే.